పరిచర్య చేసే అమ్మగారు

మొన్న మా అపార్ట్‌మెంట్ సంఘం సెక్రటరీ ఒక కాగితం పట్టుకొచ్చాడు. కింది అంతస్తులో అద్దెకుంటున్న భార్యాభర్తలు ఆదివారం పదిమందిని కూర్చోబెట్టి ప్రార్థనలు చేస్తున్నారట. అంతటితో ఆగక వెనక సందులో ఉన్న తాపీ పనివాళ్ళ పాకలకూ, ఎక్కడెక్కడి నుంచో కూలికి వచ్చిన కుర్రాళ్ళ గదులకూ తిరుగుతున్నారట. ఆ మనుషులు మన గేటు దాకా వస్తున్నారు కాబట్టి ఇల్లు ఖాళీ చేయించమని యజమానికి రాసిన ఉత్తరం అది. అందరి సంతకాలూ అయ్యాయి, నాదే తరువాయి. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. "పరిచర్య పేరుతో" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. తర్వాత చదవబుద్ధి కాలేదు.

సంతకం పెట్టనన్నాను. "ఏంటి మేడమ్, మీరు కూడా వాళ్ళలో కలిశారా" అని నవ్వాడు. మా ఇంట్లో దేవుడి మందిరం అతని ముక్కు ముందే ఉంది. నాకు ఒళ్ళు మండింది గానీ ఊరుకున్నాను. కారణం చెప్పాలంటే మా నాయనమ్మ తుంటి విరగడం దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. అతనికి అంత తీరిక లేదు. నాకిప్పుడు తీరిక తప్ప మరేమీ లేదు.

అప్పుడు మేం గుంటూరులో ఒక పొడుగాటి సందులో ఉండేవాళ్ళం. సందు మొదట్లో మాబోటి బడిపంతుళ్ళూ గుమాస్తాలూ ఉండేవారు. మధ్యలో దూదేకుల సాయిబులు. వాళ్ళ అరుగుల మీద పొద్దస్తమానం దూది ఏకుతుంటే ఆ టంగు టంగుమనే చప్పుడు వినకుండా మాకు అన్నం సహించేది కాదు. సందు చివర, మురుగుకాలవ దాటాక, మిరపకాయల కొట్లలో తొడిమలు తీసే ఆడవాళ్ళ పాకలు. ఎండాకాలం వస్తే సందంతా ఒకటే ఘాటు. కొత్తగా వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్మడం మొదలెట్టేవాళ్ళు. మేం పిల్లలం వాళ్ళ తుమ్ములు లెక్కబెట్టి నవ్వుకునేవాళ్ళం. గాల్లో తేలివచ్చిన దూది పింజలు అమ్మ ఆరేసిన వడియాలకు అంటుకునేవి. వాటిని ఏరే పని నాది. ఏరినన్ని వడియాలు నోట్లోకి పోయేవి.

మా నాయన హైస్కూల్లో తెలుగు మాస్టారు. మాటలంటే ఆయనకు ప్రాణం. కూరలమ్మి నోట ఒక మంచి మాట వినపడితే కూర సంగతి మర్చిపోయి ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చే రకం. ఆ సంవత్సరం ప్రత్తిపాడు దగ్గర మా పల్లెలో నాయనమ్మ మిరపకళ్ళంలో కాయలు తిరగేస్తూ కాలుజారి పడింది. తుంటి విరిగింది. ఇక నడవలేదని డాక్టరు చెప్పాక నాయన ఆవిణ్ణి మా ఇంటికి తీసుకొచ్చి ముందు గదిలో మంచం వేయించాడు. నాయనమ్మది భారీ విగ్రహం. అమ్మ ఎముకలపోగు. ఒక్కతే ఆవిణ్ణి పక్కకు తిప్పలేక వారం రోజులకే నడుం పట్టుకుని కూలబడింది.

పాలు పోసే ఆవిడ అది చూసి, "మా వైపు పరిచర్య చేసే అమ్మగారు ఉందండీ. ఎవురికి బాగోపోయినా పోయిద్ది. మీరు రమ్మంటే చెప్తాను" అంది.

నాయన చదువుతున్న పేపరు మడిచేశాడు. "ఏమన్నావమ్మా? పరిచర్యా?"

"అవునండీ. ఆయమ్మ చేసేది అదేగా."

నాయన ఆ రోజంతా ఆనందంతో తబ్బిబ్బయ్యాడు. "చూశావా, మనం ఆయా అంటాం, నర్సు అంటాం. పాలమ్ముకునే మనిషి పరిచర్య అంది. రోగులకు చేసే సేవకు అంతకంటే మంచి మాట ఉందా మన భాషలో" అని అమ్మకు చెప్పాడు. స్టాఫ్‌రూములో కూడా చెప్పి ఉంటాడు. ఆ మాటకు కాలవ అవతల ఇంకో అర్థం ఉందని, చర్చి పని చేసుకుంటూ ఇల్లిల్లూ తిరగడాన్ని వాళ్ళు పరిచర్య అంటారని ఆ తెలుగు పండితుడికి తెలియదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆవిడ వచ్చింది. తెల్ల చీర, బోడి నుదురు, నూనె రాసి బిగించిన ముడి. చేతులు జోడించి "వందనాలండీ" అంది. అమ్మ వేడినీళ్ళ బిందె పట్టుకుని ఎదురెళ్ళి, "ముందు ఆవిడ వీపు చూడమ్మా, నావల్ల కావడం లేదు" అంది. ఆవిడ ఒక్క క్షణం బిందె వంక చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపుకుని బిందె అందుకుంది. నాయనమ్మను పక్కకు తిప్పి చూస్తే వీపంతా పడక పుళ్ళు. "వేపాకు కావాలమ్మగారూ. పాత పంచెలుంటే చింపి ఇవ్వండి" అంది, అంతే.

బొట్టు లేదు, తెల్ల చీర కట్టింది కాబట్టి ఆవిడ మొగుడు పోయిన మనిషని మా అమ్మ తేల్చేసింది. అలాంటి మనిషిని వివరాలు అడిగి బాధపెట్టడం ఎందుకని ఎవరూ ఏమీ అడగలేదు. జీతం సంగతి ఎత్తితే, "మీరు వంటకు బియ్యం పోసేటప్పుడు రోజూ ఒక పిడికెడు పక్కన పెట్టండమ్మగారూ, శనివారం తీసుకుంటాను" అంది. అదేదో మొక్కు కాబోలనుకుంది అమ్మ. ఒక డబ్బా పెట్టి రోజూ పిడికెడు వేసేది. మేం ఆవిణ్ణి పరిచర్యమ్మ అని పిలవడం మొదలెట్టాం. నాయనమ్మకు నోరు తిరక్క పరిచెర్లమ్మ అనేది. అది ఇంటిపేరనుకుందో ఏమో.

ఆ వేసవి సెలవుల్లో నేను ఆవిడ కొంగు పట్టుకుని తిరిగాను. మా ఇంట్లో పని అయ్యాక ఆవిడ దూదేకుల సాయిబు ఇంటికి వెళ్ళేది. దూది ధూళికి ఊపిరాడక దగ్గే వాళ్ళమ్మకు ఛాతీకి కర్పూరం నూనె రాసేది. ఆ ముసలమ్మ "అల్లా నిన్ను చల్లగా చూడాల" అంటే, "మిమ్మల్ని కూడా అమ్మా" అనేది. అక్కణ్ణుంచి కాలవ దాటి పాకల్లోకి. తొడిమలు తీసే ఆడవాళ్ళ చేతులు మంటలెక్కి రాత్రిళ్ళు నిద్ర ఉండేది కాదు. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు వాళ్ళు వరసగా కూర్చుని చేతులు చాపేవాళ్ళు. ఆవిడ ఒక్కొక్క చేతికీ ఆముదం పట్టించేది. తెలిసీ తెలియక నేను ఒకసారి ఆ చేతులు తుడిచిన గుడ్డతో ముఖం తుడుచుకుని సందు దద్దరిల్లేలా ఏడ్చాను. అందరూ నవ్వారు. ఆవిడ మజ్జిగతో నా ముఖం కడిగి, బెల్లం ముక్క నోట్లో పెట్టింది.

మా ఇంటి పిడికెడు బియ్యం ఎక్కడికి పోతున్నాయో అక్కడే చూశాను. పాకల మధ్య ఒక కుండలో గంజి కాచి, పనికి పోలేక పడుకున్న వాళ్ళకు పోస్తోంది. ఆ పక్కనే తాటాకు కప్పిన పాకలో ఒకాయన హార్మోనియం వాయిస్తూ పిల్లలకు పాట నేర్పుతున్నాడు. ఆవిణ్ణి చూసి, "ఏమే, నాకూ కాస్త గంజి పొయ్యి" అన్నాడు. నేను నోరెళ్ళబెట్టాను.

"మీకు మొగుడున్నాడా?"

"లేడని నేనెప్పుడన్నా పాపా" అని ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత నిదానంగా చెప్పింది. ఆయన ఆ పాక చర్చికి పాస్టరు. ఇద్దరిదీ కొత్తపట్నం దగ్గర పల్లెపాలెం. ఎవరైనా రమ్మంటే వెళ్ళి ప్రార్థన చెయ్యడం, పలకరించడం ఆవిడ పని. "మాస్టారుగారింట్లో రమ్మన్నారంటే ప్రార్థనకేమో అనుకుని వచ్చాను. మీ అమ్మగారు వేడినీళ్ళ బిందె చేతికిచ్చారు. పట్టుకున్నాను. ఆ వీపు చూశాక ఇంకేం చెప్తాను?"

"మా వాళ్ళకు చెప్పొద్దా?"

"అడిగితే చెప్తాను పాపా. అబద్ధమాడను. నువ్వు మాత్రం అడక్కుండా చెప్పబోకు, పెద్దమ్మగారి పుళ్ళు మానిందాకా."

సరేనన్నాను. పెద్దవాళ్ళ రహస్యం ఒకటి నా దగ్గరుందని ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు, అంత గర్వం.

నాయనమ్మకు మాత్రం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది. ఒక మధ్యాహ్నం నేను మంచం పక్కన చల్లటి గచ్చు మీద పడుకుని ఉన్నాను. పరిచర్యమ్మ కట్టు కట్టడం అయ్యాక నాయనమ్మ చెయ్యి పట్టుకుని కళ్ళు మూసుకుంది. పెదవులు కదుల్తున్నాయి.

"ఎవర్నే అడుగుతున్నావు?" అంది నాయనమ్మ.

"మా దేవుణ్ణండీ. మీకు నిద్ర పట్టాలని."

"అనుకున్నాలే. వందనాలన్నప్పుడే అనుకున్నా. మా పొలంలో పత్తి తీసే వాళ్ళంతా మీ వాళ్ళేగా." దుప్పటి పైకి లాక్కుని, "అడుగు. మా రాముడు ఒక్కడే ఎంతమందినని చూసుకోవాల" అంది.

ఇద్దరూ చిన్నగా నవ్వుకున్నారు. తర్వాత నాయనమ్మ గురకపెట్టింది. పుళ్ళు ఎండసాగాయి. దిళ్ళు ఆనుకుని కూర్చోగలిగింది. దూదేకుల సాయిబు మెత్తటి పరుపు కుట్టిచ్చాడు. ఆ నెల మా ఇల్లు ఎంత కళగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసింది ఒక్కటే. నాయనమ్మ పొద్దున లేస్తూనే నన్ను పిలవడం మానేసి, "పరిచెర్లమ్మ వచ్చిందా" అని అడుగుతోంది. అందుకు నాకు కొంచెం కుళ్ళుగా ఉండేది.

ఇక ఆవకాయ సంగతి. కొత్త కారం, కొత్త ఆవపిండి, గానుగ నూనె. మా ఇంట్లో ఆవకాయ పెట్టడం పెళ్ళి చేసినంత పని. జాడీ మూతికి వాసెన గుడ్డ కట్టాక అమ్మ తలంటి పోసుకుని పొడి చేత్తో తప్ప ముట్టదు. ఇంకెవరన్నా ముట్టుకుంటే పచ్చడి పాడైపోతుందని ఆవిడ నమ్మకం. నాకేమో ఆ ఎర్రటి ముక్క తలుచుకుంటేనే నోట్లో నీళ్ళూరేవి. ఒక మధ్యాహ్నం బావి దగ్గర్నుంచి వస్తూ తడి చేత్తోనే వాసెన విప్పి రెండు ముక్కలు తిన్నాను. వెనక్కి తిరిగితే పరిచర్యమ్మ. ఏమీ అనలేదు. కొంగుతో నా మూతి తుడిచి, "గొంతు మండితే నీళ్ళు తాగు" అని వెళ్ళిపోయింది.

పది రోజులకు జాడీలో బూజు కట్టింది. అమ్మ జాడీ ఎత్తుకొచ్చి ముందు గదిలో పెట్టి, "దీంట్లో తడిచెయ్యి పెట్టిందెవరు?" అంది. ఏడాది పచ్చడి.  పరిచర్యమ్మ నాయనమ్మ కాళ్ళు ఒత్తుతూ నా వంక చూసింది. చూసింది, అంతే. చెప్పేస్తుందనుకున్నాను నేను. ఆ చూపులో నాకు అర్థం కాని జాలి ఉంది, నేను దాన్ని బెదిరింపు అనుకున్నాను.

"ఆవిడే అయ్యుంటుంది" అన్నాను. మొదలెట్టాక ఆగలేదు. "ఆవిడ కిరస్తానీ ఆవిడ. మొగుడు కూడా ఉన్నాడు. పాకలో పాటలు చెప్తాడు. నాయనమ్మను వాళ్ళలో కలుపుకోవాలని రోజూ చెయ్యి పట్టుకుని చదువుతోంది. నేను విన్నాను."

పరిచర్యమ్మ చేతులు ఆగిపోయాయి. అమ్మ నన్ను కాదు, ఆవిణ్ణి చూసింది. "నిజమేనా?"

"మేం యేసుప్రభువు వాళ్ళమేనండీ. ఆయన పాస్టరు. జాడీ నేను ముట్టుకోలేదు. పెద్దమ్మగారి మతం జోలికి పోలేదు."

"మరి ఎవరు ముట్టుకున్నారు?"

ఆవిడ తల వంచుకుంది. నా పేరు చెప్పలేదు. నాయనమ్మ మంచం మీద నుంచి, "దాని జోలికెళ్ళకండి, నాకన్నీ తెలుసు" అని కేకలేసింది. కానీ నేను వేసిన నింద ఎంత గట్టిదంటే, నాయనమ్మ వెనకేసుకొచ్చిన కొద్దీ అది మరింత నిజమైంది. ముసల్దాన్ని అప్పుడే మార్చేశారని అమ్మ లోపలికెళ్ళి ఏడ్చింది. జాడీ మొత్తం మురుగులో పోయించింది.

మర్నాడు పొద్దున పరిచర్యమ్మ వచ్చేసరికి నాయన గడప మీద నిలబడి ఉన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఊరందరికీ చెప్పుకుని మురిసిపోయిన మాట ఆయన చేతిలో తిరగబడింది. అందుకే ఎక్కువ కోపం వచ్చిందని నాకిప్పుడు అనిపిస్తుంది.

"పరిచర్య అన్నారు కదమ్మా" అన్నాడు.

"అవునండీ మాస్టారుగారూ. అదే చేశాను."

నాయన గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టాడు. "మీరింక రావద్దు" అన్నాడు. ఆవిడ వేపాకు పొట్లం మా మెట్టు మీద పెట్టి, "రోజుకు రెండుసార్లు తిప్పి పడుకోబెట్టండి, మర్చిపోకండి" అని చెప్పి వెళ్ళిపోయింది. నేను తలుపు వెనకాల ఉన్నాను. ఒక్క అడుగు ముందుకు వేసి జాడీ ముట్టింది నేనేనని అంటే అయిపోయేది. వెయ్యలేదు.

వానలు పడేసరికి నాయనమ్మ వీపు మళ్ళీ పుళ్ళు పడింది. అమ్మ చెయ్యగలిగినంతా చేసింది, పాపం. వచ్చిన ఆయాలు రెండేసి రోజులు ఉండి వెళ్ళిపోయారు. ఒక సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు నాయనమ్మ నన్ను దగ్గరికి పిలిచింది. ఒళ్ళు కాలిపోతోంది.

"మా తల్లే, పరిచెర్లమ్మను ఒకసారి పిలుచుకురా. మీ నాయనకు నేను చెప్పుకుంటాలే. ఒక్కసారి వచ్చి తిప్పి పడుకోబెట్టి పొమ్మను."

గొడుగు తీసుకుని బయల్దేరాను. దూదేకుల సాయిబు అరుగు దాకా వెళ్ళాను. కాలవ అవతల పాక తలుపు తీసే ఉంది. అక్కడే ఆగిపోయాను. ఆవిడ మొహం ఎలా చూడాలో తెలియలేదు. వచ్చిందంటే అందరి ముందూ జాడీ మాట మళ్ళీ లేస్తుందని భయమేసింది. కాసేపు ఆ వానలో నిలబడి వెనక్కి వచ్చేశాను.

"లేదు నాయనమ్మా. ఊరెళ్ళిపోయారట."

"ఎప్పుడు?"

"చాలా రోజులైందట."

నాయనమ్మ కాసేపు వాసాల వంక చూసింది. "నాతో ఒక్క మాటన్నా చెప్పకుండా పోయిందా" అంది. తర్వాత, "సర్లే. ఎంతైనా పరాయి మనిషేగా" అని మొహం గోడకు తిప్పుకుంది. మళ్ళీ ఆవిడ ఊసెత్తలేదు. వారానికి పోయింది. శవం లేచేటప్పుడు సందు చివర ఆ తెల్ల చీర కనిపించింది. దూరంగా నిలబడి ఉంది. నేను అటు చూడలేదు.

చాలా ఏళ్ళకు, నాకు ఇద్దరు పిల్లలు పుట్టాక, గుంటూరు వెళ్ళినప్పుడు మనసు గట్టి చేసుకుని ఆ సందుకు వెళ్ళాను. తాటాకు పాక పోయి రేకుల గది వచ్చింది. దూది ఏకే చప్పుడు లేదు. ఆవిడ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుకుంటోంది. జుట్టు ముగ్గుబుట్టయింది. నన్ను పోల్చుకుని, "మాస్టారుగారి పాపవా" అంది.

"ఆ ఆవకాయ జాడీలో చెయ్యి పెట్టింది నేనండీ" అన్నాను, కూర్చోకుండానే.

"నీ మూతి తుడిచింది నేనే కదమ్మా" అని నవ్వింది. "చిన్నపిల్లవి, పదేళ్ళదానివి. వదిలెయ్యి. ఆ వానలో కూడా చూశాను నిన్ను. సాయిబు అరుగు దగ్గర గొడుగేసుకుని నిలబడ్డావు. పెద్దమ్మగారు పంపారనుకున్నాను. నూనె సీసా తీసుకుని చెప్పులు కూడా వేసుకున్నాను. నువ్వు వెనక్కి తిరిగావు. మాస్టారుగారు రావద్దన్న గడప. పిలవందే ఎట్లా వస్తాను?"

 ఆవిడ బియ్యం ఏరడం ఆపింది. అడగనా వద్దా అన్నట్టు కాసేపు తటపటాయించింది.

"పెద్దమ్మగారు నా గురించి ఏమన్నా అన్నారా అమ్మా, పోయేముందు?"

నేను వెళ్ళింది ఉన్నదంతా చెప్పేద్దామనే. ఆ మొహం చూశాక చెప్పలేకపోయాను.

"మిమ్మల్నే అడిగిందండీ. ఆఖరిదాకా మిమ్మల్నే అడిగింది."

ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "చాలమ్మా" అంది. లోపలికెళ్ళి నాకు మజ్జిగ తెచ్చిచ్చింది, నేను తాగాను. ఆవిడ కూడా పోయి చాలా కాలమైంది. పరిచర్యమ్మ తనను వదిలేసి పోయిందనుకుంటూ నాయనమ్మ కన్నుమూసింది. నాయనమ్మ ఆఖరిదాకా తనను తలుచుకుందనుకుంటూ పరిచర్యమ్మ కన్నుమూసింది. ఆ ఇద్దరిలో ఏ ఒక్కరికీ నేను నిజం చెప్పలేదు.